ఫిబ్రవరి చలి ఉదయాన పిట్టల సందడే ఎందుకు? పురుగులు ఎక్కడ?

క్లుప్తంగా: వసంత పంచమి నుంచి శివరాత్రి దాకా ఉండే చలి ఉదయాల్లో పక్షులు తెల్లవారకముందే హడావిడి మొదలుపెడతాయి. సీతాకోకచిలుకలు, తూనీగలు, తేనెటీగలు మాత్రం ఎండ ఎక్కేదాకా జాడ ఉండవు. ఇందుకు మొదటి కారణం ఒంటి వేడి. రెండోది దక్కన్ వాతావరణం. ఇక్కడ పురుగులు గుంపులు గుంపులుగా బయటపడేది తొలకరితో, వసంతంతో కాదు. అందుకని ఒక ఉదయం పురుగులు కనబడకపోతే అవి అంతరించిపోతున్నాయని అనుకోనక్కర్లేదు. అలాగని ఏటేటా ముందే వేడెక్కుతున్న ఫిబ్రవరిని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు.

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైన ఈ లెక్కింపులో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. కనీసం పావుగంట ఒకచోట గడిపి, కనిపించిన, వినిపించిన పక్షులన్నింటినీ రాసి పంపితే చాలు. చెరువు గట్ల మీద, యూనివర్సిటీ క్యాంపస్‌లలో, ఊరి పొలిమేరల్లో స్వెటర్లు వేసుకుని పొద్దున్నే తిరిగేవాళ్ల సంఖ్య దీనివల్ల పెరిగింది. పిట్టల లిస్టు పొడవుగానే వస్తుంది. అదే నడకలో పురుగుల కోసం చూస్తే మాత్రం మంచుతో తడిసిన సాలెగూళ్లు తప్ప పెద్దగా ఏమీ దొరకదు.

దాంతో అనుమానం మొదలవుతుంది. జర్మనీలోని రక్షిత ప్రాంతాల్లో ఎగిరే పురుగుల మొత్తం బరువు 27 ఏళ్లలో 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో వెలువడిన అధ్యయనం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. ఆ వార్త చదివినవారికి ఖాళీగా ఉన్న పొద ఒకటి కనబడగానే టెన్షన్ సహజం. కానీ అది ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో వలలు పెట్టి తీసిన లెక్క. దాన్ని తెచ్చి ఒక ఫిబ్రవరి ఉదయానికి అంటించలేం. ఆ ఉదయాన ఏం జరుగుతోందో ముందు చూడాలి.

ఒంట్లో పొయ్యి ఉన్నవి, లేనివి

పక్షి ఒంటి ఉష్ణోగ్రత దాదాపు 40 నుంచి 42 డిగ్రీలు. బయట 12 డిగ్రీలున్నా 35 డిగ్రీలున్నా అది పెద్దగా మారదు. తిన్న తిండిని కాల్చి ఆ వేడిని అది లోపలే పుట్టించుకుంటుంది. చలి ఎక్కువైతే ఈకలు ఉబ్బించుకుంటుంది. ఈకల మధ్య చిక్కుకున్న గాలి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. చలికాలంలో పిచ్చుకలు, గోరింకలు బొద్దుగా కనిపించేది అందుకే, కొవ్వు పట్టి కాదు.

ఈ వెసులుబాటుకు ఖర్చు ఉంది. ఒళ్లు ఎంత చిన్నదైతే వేడి అంత త్వరగా ఆరిపోతుంది. పది గ్రాముల బరువు కూడా లేని తేనెపిట్ట రాత్రంతా ఆ ఖర్చు భరించి, తెల్లారేసరికి దాదాపు ఖాళీ కడుపుతో ఉంటుంది. చలిగా ఉంది కదా అని ఇంకాసేపు పడుకునే అవకాశం దానికి లేదు. చలి పెరిగే కొద్దీ ఆకలి కూడా పెరుగుతుంది కాబట్టి, మనుషులు దుప్పటి ముసుగు తీయని వేళకే చెట్ల మీద గొడవ మొదలవుతుంది.

పురుగుల సంగతి వేరు. చుట్టూ ఉన్న గాలి ఎంత చల్లగా ఉంటే వాటి ఒళ్లూ అంత చల్లగా ఉంటుంది. తుమ్మెద, తేనెటీగ, సీతాకోకచిలుక లాంటివి ఎగరాలంటే రెక్కల కండరాలు దాదాపు 30 డిగ్రీలకు చేరాలి. 14 డిగ్రీల ఉదయాన ఆ తేడాను పూడ్చుకోవడానికి ఒక్కో పురుగు ఒక్కో దారి పట్టింది.

నల్ల తుమ్మెదనే తీసుకుంటే, ఎండిన కొమ్మలోనో వెదురులోనో తొలుచుకున్న రంధ్రం అంచున అది కదలకుండా కూర్చుని ఉంటుంది. రెక్కలు మడిచే ఉంటాయి. కానీ చెవి దగ్గరగా పెడితే సన్నని జుమ్మనే మోత వినిపిస్తుంది. లోపల ఎగిరే కండరాలు అదురుతూ వేడి పుట్టిస్తుంటాయి, రెక్కలు మాత్రం ఆడవు. ఒంటి మీది నూగు, పెద్ద శరీరం ఆ వేడిని నిలుపుతాయి. కాసేపటికి మోత స్థాయి మారి, తుమ్మెద ఒక్క ఊపున లేస్తుంది. తేనెటీగలదీ ఇదే కిటుకు. కాకపోతే ఒంటరిగా ఉన్న చిన్న ఈగకు వేడి నిలవదు కాబట్టి అవి తెట్టె మీద ఒకదాన్నొకటి అంటుకుని పని కానిస్తాయి.

సీతాకోకచిలుకలు ఎక్కువగా ఎండనే నమ్ముకుంటాయి. కొన్ని రెక్కలు పూర్తిగా పరిచి వీపును సూర్యుడికి చూపిస్తాయి. గడ్డిలో తిరిగే చిన్న పసుపు రంగు సీతాకోకచిలుకలు రెక్కలు మూసుకుని, పక్కకు ఒరిగి, ఒక వైపు ఎండ నిటారుగా పడేలా కూర్చుంటాయి. చూసేవారికి గాయపడి పడిపోయినట్టు అనిపిస్తుంది. అది కాచుకోవడమే. పైగా రెక్కల మీద మంచు బొట్లు ఆరాలి. వేడెక్కినా తడి రెక్కతో ఎగరడం కష్టం.

ఇంకో సంగతి కూడా ఉంది. మబ్బు, గాలి లేని రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, పల్లపు ప్రాంతాల్లో నిలుస్తుంది. తెల్లవారుజామున గట్టు మీద కన్నా గట్టు కింద పొలంలో చలి ఎక్కువగా ఉండటానికి, చెట్టు మొదలు కన్నా చిటారు కొమ్మ కాస్త వెచ్చగా ఉండటానికి ఇదే కారణం. తొలి ఎండ పడేదీ చిటారునే, తూర్పు వైపు. పురుగులు ముందు కదిలేది అక్కడే. నేల మీద, నడిచేవారి కంటి ఎత్తులో వెతికితే ఏమీ కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా

ఫిబ్రవరి మొదట్లో హైదరాబాద్‌లో సూర్యోదయం ఉదయం 6.45 ప్రాంతంలో. అప్పటికే ఏట్రింత లేచి ఉంటుంది. పసుల పోలిగాడని కూడా పిలిచే ఈ నల్లని పిట్ట చీకటి విడవకముందే కూత మొదలుపెడుతుంది. వీధి దీపాల చుట్టూ మిగిలిన పురుగులను ఏరుకుంటుంది. ఆ తర్వాత మేతకు కదిలిన పశువుల వెంట పడుతుంది. గేదె కాలు పడ్డచోట గడ్డిలోంచి మిడత ఎగరబోతుంది, చలికి కండరాలు పట్టేసి పూర్తిగా లేవలేదు. గోరింకలు, కొంగలు కూడా పశువుల కాళ్ల మధ్య తిరిగేది ఈ మిడతల కోసమే.

పురుగుకు చలి ప్రమాదమైతే, నేల మీద ఏరుకు తినే పక్షికి అదే అవకాశం. తోక ఊపుతూ పచ్చిక మీద పరుగెత్తే వాగ్‌టెయిల్స్, నల్లంచి పిట్టలు, గోరింకలు ఈ తొలి గంటను బాగా వాడుకుంటాయి. పురుగులు లేవని మనకు అనిపించే చోటే అవి పురుగులతో కడుపు నింపుకుంటున్నాయి. ఎగరని పురుగు మన కంటికి ఆనదు, అంతే.

గాలిలో ఎగిరే పురుగునే పట్టి తినే పక్షికి ఈ వెసులుబాటు లేదు. తేనెటీగలను, తూనీగలను పట్టి బతికే పచ్చని బీ-ఈటర్ ఇందుకు మంచి ఉదాహరణ. మిగతా పిట్టలన్నీ లేచి గంట గడిచినా ఇవి కొమ్మ మీద ఒకదానికొకటి ఆనుకుని, ముక్కు ఈకల్లో దూర్చి కునుకు తీస్తుంటాయి. తర్వాత వీపు ఈకలు విప్పార్చి ఎండ కాచుకుంటాయి. తేనెటీగ లేవకముందు లేచి లాభం లేదు. గద్దలదీ ఆలస్యమే, అయితే కారణం వేరు: నేల వేడెక్కి గాలి పైకి లేస్తేనే అవి రెక్క ఆడించకుండా సుళ్లు తిరగగలవు.

చెరువు మీద మాత్రం లెక్క కొంచెం మారుతుంది. నీరు నేలంత తొందరగా చల్లబడదు. నీటి మీది గాలి పక్క పొలం కన్నా వెచ్చగా ఉంటుంది కాబట్టి దోమల్లాంటి చిన్న పురుగులు అక్కడ ముందే లేస్తాయి, అదీ తక్కువ ఎత్తులో. శీతాకాలపు అతిథులైన స్వాలో పిట్టలు నీటిని దాదాపు తాకుతూ ఎగిరేది వాటి కోసం.

తొమ్మిది, తొమ్మిదిన్నరకు దృశ్యం తారుమారవుతుంది. పక్షుల కూతలు తగ్గుతాయి, పూల మీద ఈగల మోత పెరుగుతుంది. పొద్దున్న 15 డిగ్రీలున్న చోట మధ్యాహ్నానికి 30 దాటడం దక్కన్‌లో ఫిబ్రవరి మామూలు లక్షణం. ఈ పెద్ద తేడా వల్లే ఇక్కడి పురుగులు చలికి ఆగేది కొన్ని గంటలే, నెలలు కాదు. ఆదిలాబాద్ అడవుల్లో, లంబసింగి లాంటి కొండ ప్రాంతాల్లో ఆ గంటలు కాస్త ఎక్కువ.

ఆకులు రాల్చాక పూసే చెట్లు

శిశిరం చివర పక్షులు గుమిగూడేది ఎక్కడంటే బూరుగు, మోదుగు చెట్ల మీద. రెండూ ఆకులు రాల్చేశాకే పూస్తాయి. ఆకుల అడ్డు లేకపోవడంతో ఎర్రని పూలు చాలా దూరం నుంచి కనబడతాయి. తేనెటీగ కన్ను అతినీలలోహిత కాంతిని, నీలాన్ని, ఆకుపచ్చను బాగా పట్టుకుంటుంది, ఎరుపును ప్రత్యేక రంగుగా గుర్తించలేదు. పక్షి కంటికి ఎరుపు స్పష్టంగా తెలుస్తుంది. పురుగులు బద్ధకంగా ఉండే చల్లని వేళల్లోనూ పరాగ సంపర్కం జరగాలంటే, ఒంటి వేడి ఉన్న జీవులను పిలుచుకోవడం చెట్టుకు లాభసాటి బేరం.

మోదుగు పువ్వు కట్టడం దీనికి తగ్గట్టే ఉంటుంది. చిలుక ముక్కులా వంగిన రేకు లోపల కేసరాలు, కీలం దాగి ఉంటాయి. ఊదా తేనెపిట్ట తేనె కోసం పువ్వును తెరిచినప్పుడు అవి బయటికి వచ్చి పిట్ట ఒంటికి పుప్పొడి పూస్తాయి. ఉడుతలు కూడా ఇదే పని చేసి పెడతాయి. కాకులు, బుల్‌బుల్‌లు, గోరింకలు, రామచిలుకలు కూడా ఈ చెట్టుకు వస్తాయి గానీ, అందరి రాక వల్లా చెట్టుకు మేలు జరగదు. పువ్వును కొరికి పడేసి పోయే అతిథులూ ఉన్నాయి.

ఇదే సమయంలో మగ ఊదా తేనెపిట్ట వేషం మార్చుకుంటుంది. సంతాన కాలం కానప్పుడు అది ఆడపిట్టలాగే పసుపుగా, గొంతు నుంచి పొట్ట దాకా ఒక ముదురు చారతో ఉంటుంది. ఫిబ్రవరిలో చూస్తే సగం పసుపు, సగం మెరిసే నలుపుతో, రంగు వేస్తూ మధ్యలో ఆపేసినట్టు కనబడుతుంది. కొత్తగా పక్షులను చూసేవారు దీన్ని వేరే జాతి అనుకుని ఫీల్డ్ గైడ్ అంతా తిరగేయడం మామూలే.

గులాబీ గోరింకల గుంపులు కూడా బూరుగు, మోదుగుల మీద బాగా కనిపిస్తాయి. మధ్య ఆసియా నుంచి వచ్చిన ఈ వలస పక్షులు ఏప్రిల్ కల్లా తిరుగు ప్రయాణం కడతాయి. అక్కడ వీటి సంతానానికి తిండి ప్రధానంగా మిడతలే. అంతదూరం ఎగరడానికి కావలసిన కొవ్వును మాత్రం పూలతేనె, పండ్లు, పురుగులు కలిపి ఇక్కడే కూడబెట్టుకోవాలి.

మామిడి పూతకూ ఇదే చిక్కు

చలి ఉదయాల్లో పురుగుల ఆలస్యం రైతుకు నేరుగా తగిలేది మామిడి తోటలో. మామిడికి బూరుగులా పక్షులను పిలిచే పువ్వు లేదు. గుత్తుల్లో వందలు, వేలుగా ఉండే చిన్న పూలకు పరాగ సంపర్కం చేసేవి ఎక్కువగా ఈగలు. ఇంట్లో అందరూ తోలేసే ఈగ జాతులే తోటలో పంట నిలబెడతాయి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపు పడిపోయి, పగలు కూడా మబ్బు పడితే రెండు నష్టాలు ఒకేసారి వస్తాయి: పుప్పొడి సరిగా మొలకెత్తదు, ఈగలు తిరగవు.

అదే తేమ, అదే చల్లదనం బూడిద తెగులుకు, తేనెమంచు పురుగుకు అనుకూలం. పూతలో రసం పీల్చే ఈ పురుగు విసర్జించే జిగురు మీద మసిమంగు పడుతుంది. దాన్ని ఆపాలని పూత నిండుగా విచ్చుకున్న సమయంలో మందు కొడితే మిగిలిన ఈగలూ, తేనెటీగలూ పోతాయి. పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు పిచికారీ ఆపమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. నూజివీడైనా, కొల్లాపూర్ అయినా సూత్రం ఒకటే.

ఐరోపా వసంతం, దక్కన్ వసంతం

వసంతం రాగానే పురుగులు పుట్టలు పుట్టలుగా బయటికి వస్తాయన్న ఊహ చాలావరకు ఇంగ్లిష్ పుస్తకాల నుంచి, ఐరోపా డాక్యుమెంటరీల నుంచి వచ్చింది. అక్కడ అది నిజమే. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్ట మీద 1947 నుంచి పరిశీలన సాగుతోంది. ఓక్ చెట్టు చిగురు వేస్తుంది, ఆ చిగురు తినే గొంగళి పురుగులు కొద్ది వారాల పాటే ఉధృతంగా ఉంటాయి, ఆ వారాల్లోనే పిట్ట తన పిల్లలను పెంచాలి. వసంతం ముందుకు జరిగే కొద్దీ ఈ పిట్టలూ గుడ్లు పెట్టే సమయాన్ని 1960ల నాటి కన్నా దాదాపు రెండు వారాలు ముందుకు జరుపుకున్నాయి.

అక్కడే ఉండే పిట్ట సర్దుకోగలిగింది. దూరం నుంచి వచ్చేదానికి అంత తేలిక కాలేదు. పశ్చిమ ఆఫ్రికాలో శీతాకాలం గడిపే పైడ్ ఫ్లైక్యాచర్ పగటి పొడవును బట్టి బయల్దేరుతుంది. నెదర్లాండ్స్‌లో చిగురు ముందే వచ్చిందన్న కబురు దానికి ఆఫ్రికాలో అందదు. గొంగళి పురుగుల ఉధృతి బాగా ముందుకు జరిగిన డచ్ అడవుల్లో ఈ పక్షుల సంఖ్య రెండు దశాబ్దాల్లో 90 శాతం దాకా పడిపోయిందని 2006లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది.

దక్కన్‌లో క్యాలెండర్ ఇంకోలా ఉంటుంది. ఇక్కడ వసంతం ముందు పూలను తెస్తుంది, ఆ తర్వాత పండ్లను. లేత ఆకు, దాన్ని తినే పురుగు పోటెత్తేది మృగశిర కార్తెలో పడే తొలకరితో. ఆరుద్ర పురుగులు ఎర్రగా నేల మీదికి వచ్చేది, రాత్రి దీపాల చుట్టూ ఉసిళ్లు ముసిరేది అప్పుడే. పురుగులను తినే మన పక్షుల్లో చాలావాటి గూళ్లు మార్చి నుంచి జులై మధ్యన పడటం కాకతాళీయం కాదు. పిల్లల ఆకలి వానల రాకతో కలవాలి. మన దేశంలో పక్షుల లెక్కింపు ఫిబ్రవరిలో, సీతాకోకచిలుకల కోసం జరిపే బిగ్ బటర్‌ఫ్లై మంత్ సెప్టెంబరులో ఉండటమే ఈ తేడాను చూపుతుంది. వానలు కురిసి, పచ్చదనం నిండిన తర్వాతే సీతాకోకచిలుకలు ఎక్కువగా దొరుకుతాయి.

పొడి కాలంలో ఉన్నవి కూడా కంటికి ఆనవు. ఈవినింగ్ బ్రౌన్ అనే సీతాకోకచిలుక వానాకాలపు తరంలో రెక్కల అంచున కళ్లలాంటి గుండ్రటి మచ్చలతో ఉంటుంది. చలి, ఎండా కాలాల తరంలో ఆ మచ్చలు దాదాపు మాయమై, రెక్క ఎండుటాకులా మారిపోతుంది. రాలిన ఆకుల మీద కదలకుండా కూర్చున్నదాన్ని కాలు పెట్టేదాకా గుర్తుపట్టలేం. గొంగళి పురుగుగా ఉన్నప్పుడు తగిలిన ఉష్ణోగ్రతే ఏ రూపం రావాలో చాలావరకు నిర్ణయిస్తుంది.

ఫిబ్రవరి వేడెక్కితే

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ల లెక్క. ఇటీవల అది అంతకన్నా ముందే సర్దుకుంటోంది. భారత వాతావరణ విభాగం రికార్డుల ప్రకారం 2023 ఫిబ్రవరిలో దేశవ్యాప్త పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 1901 నుంచి ఆ నెలకు అత్యధికం. పగలూ రాత్రీ కలిపిన సగటు ఉష్ణోగ్రత పరంగా చూస్తే, అప్పటిదాకా 1901 నుంచి నమోదైన ఫిబ్రవరుల్లో 2025దే అత్యధికం.

దీని ప్రభావం అందరి మీదా ఒకే తీరుగా ఉండదు. పురుగు గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదగడం ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది, కాబట్టి అది ముందుకు జరుగుతుంది. వలస పక్షి ఎక్కువగా పగటి పొడవును చూస్తుంది. హైదరాబాద్‌లో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, అతి పెద్దది సుమారు 13 గంటలు. ఆక్స్‌ఫర్డ్‌లో ఈ తేడా ఎనిమిది గంటలకు పైనే. ఇక్కడ తేడా చిన్నదైనా పక్షులు దాన్ని పసిగట్టగలవు. వేడితో మాత్రం ఆ గడియారం ముందుకు జరగదు. అయితే ఐరోపాలో లాగా కొన్ని వారాల్లో ముగిసే గొంగళి పురుగుల పోటు ఇక్కడి ఫిబ్రవరికి లేదు. కాబట్టి డచ్ అడవుల కథ ఇక్కడ యథాతథంగా పునరావృతం కావాలని లేదు. మనకు అసలు గండం తొలకరి ఆలస్యమైనప్పుడు, లేదా ఒక వాన పడి పురుగులు బయటికి వచ్చాక మూడు వారాలు ముఖం చాటేసినప్పుడు.

వేడి కన్నా ముందు తగులుతున్న దెబ్బలు వేరే ఉన్నాయి. 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతులను పరిశీలించింది. దీర్ఘకాల ధోరణి చెప్పగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖంలో ఉన్నాయి. పండ్లు, తేనె మీద బతికేవి మొత్తమ్మీద నిలదొక్కుకుంటుండగా, పురుగులను తినేవి వెనకబడుతున్నాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ఈ రెండో కోవలోది. కరెంటు తీగ మీద కూర్చుని నేల మీది మిడతల కోసం, పెంకు పురుగుల కోసం చూసే ఈ పక్షి సంఖ్య ఇటీవలి సంవత్సరాల్లో దాదాపు 30 శాతం తగ్గిందని అదే నివేదిక లెక్కగట్టింది. దానికి కావలసింది బీడు భూమి, పచ్చిక, పురుగుమందు పడని చేను. లేఅవుట్లుగా మారుతున్న ఊరి పొలిమేరల్లో ఈ మూడూ కరిగిపోతున్నాయి.

ఈ మార్పులను పట్టుకోవడంలో ఉదయపు నడకల లెక్కలకు విలువ ఉంది, అవి పూర్తిగా ఉంటే. నచ్చిన పిట్టను మాత్రమే రాసి పంపిన లిస్టు కన్నా, కనబడిన ప్రతి జాతినీ చేర్చిన లిస్టు శాస్త్రవేత్తలకు ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే దానిలో లేని పేరు కూడా సమాచారమే. పురుగులకు కూడా ఇదే పద్ధతి పెట్టాలంటే టైమ్ మార్చాలి. ఏడింటికి పిట్టల కోసం నడిచిన దారిలోనే పదింటికి మరోసారి నడిచి, గడియారంలో సమయం, గాలి ఉష్ణోగ్రత, ఎండో మబ్బో పక్కన రాసి, సెప్టెంబరులో అదే దారిలో మళ్లీ లెక్క తీస్తేనే ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చడం కుదురుతుంది.